వంతెన మీద చప్పుడు

బుచ్చిరాములు రిమోటు నొక్కి రైలును ఆపాడు. ఆపాడంటే టీవీలో ఆపాడు. ఆ రైలును ఇప్పటికి ఎన్నిసార్లు ఆపి ఉంటాడో గానీ, దాని ముఖం మాత్రం ఒక్కసారీ చూడలేదు. డ్రైవరు ముందర కెమెరా పెట్టి తీసిన వీడియో అది. పట్టాలు కనబడతాయి. పట్టాలకు రెండు పక్కలా మంచు, మంచులో చెట్లు, అప్పుడప్పుడూ ఎర్రరంగు వేసిన చెక్క ఇల్లు, గడ్డకట్టిన చెరువు. రైలు తప్ప అన్నీ కనబడతాయి. స్వీడన్ అనే దేశంలో ఏదో పల్లెటూరి లైనట అది.

అతను టీవీకి జానెడు దూరం దాకా పోయి, చిన్న స్టేషను గది కిటికీ అద్దంలోకి కళ్లు చికిలించి చూశాడు. అద్దంలో నారింజ రంగు ఏదో మెరిసినట్టుంది. ఎండ కూడా కావచ్చు.

"ప్రశాంతీ, జర ఇటు రా బిడ్డా. గీ అద్దంల గనబడేది రైలేనా?"

కోడలు పిండి చేతులతోనే వచ్చింది. వంగి చూసింది. మామ ముఖం కూడా చూసింది. "అట్లనే అనిపిస్తుంది మామా. నారింజ రంగు."

"నేను జెప్పలే? రంగు దొరికింది!" అని అతను చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన సంబరం అది. ప్రశాంతికి నవ్వు రాలేదు, దుఃఖం వచ్చింది. మళ్లీ వంటింట్లోకి పోయింది.

సిద్దిపేటలో మెదక్ రోడ్డు పక్కన, ముందర మోటర్ వైండింగ్ షాపు, వెనక ఇల్లు. ఆ వెనక గదిలో అతని భార్య సుశీల మంచం ఉంది. ఆమె ప్రాణం దవాఖానలో పోయింది కాబట్టి, చావు మంచమని ఎవరూ బయట పారేయక, అది ఇంట్లో మిగిలింది. ఆ మంచం మీదే బుచ్చిరాములు ప్లైవుడ్ పరిచి, స్వీడన్ కట్టాడు. కాలిన మోటర్లలోంచి లాగిన రాగి తీగలను మెలిపెట్టి చెట్లు చేశాడు. వాటికి సున్నం పూస్తే అచ్చం వీడియోలో ఉన్న తెల్ల బెరడు చెట్లే. మోటరు గాడుల్లో పెట్టే దళసరి కాగితాన్ని మడిచి ఇళ్లు కట్టి, గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ పూశాడు. వార్నిషు పోసి ఆరబెడితే చెరువు తయారైంది. స్టేషను ముందు ఒక మనిషిని నిలబెట్టాడు. తీగ మనిషి. తీగలకు తొడిగే పసుపు గొట్టాన్ని చీల్చి ఆమెకు కోటు తొడిగాడు. ఒక చెయ్యి పైకెత్తి ఉంటుంది.

పట్టాలు మాత్రం ప్రశాంతి ఫోనులో తెప్పించింది. వాటి అతుకులు అతనికి నచ్చలేదు. ప్రతి అతుకునూ టంకం పెట్టి కలిపి, ఆకురాయితో అరగదీసి, వేలితో రాసి చూసుకున్నాడు. గోరు కూడా తగలకూడదు. జీవితమంతా మోటర్లలో చప్పుడు పోగొట్టిన మనిషి. రైతు మోటరు తెచ్చి బల్ల మీద పెడితే, కరెంటిచ్చి చెవి వంచి, "బుష్షు పోయింది" అనో "రోటరు రాసుకుంటుంది" అనో చెప్పేవాడు. మోటరు తిరుగుతుందో లేదో తెలియనంత మెత్తగా తిరిగితేనే డబ్బు తీసుకునేవాడు.

ఇక మిగిలింది రైలు. అది తన చేత కాదు. సరైనదాన్ని ఎంచి తేవాలి.

"బాపూ," అంటూ వెంకటేశ్ షాపులోంచి వచ్చాడు. కొడుకు మోచేతుల దాకా నల్లటి గ్రీజు. "కొండపాక నుంచి వచ్చినాయన పొద్దటిసంది కూసున్నడు. మోటర్ కాలి, వరి మడి నెర్రెలిస్తుందని ఏడుపు మొకం వెట్టిండు. నువ్వేమో గీడ బొమ్మరిండ్లు కట్టుకుంట కూసున్నవ్."

"నువ్వు సుట్టు. నీకు రాదా?"

"రాక కాదు. ఆదివారం అమ్మ సంవత్సరీకం. సుట్టాలంత వస్తరు. గిది జూసి నవ్వుతరు."

"నవ్వనియ్యి. నేను పిట్టకు మాటిచ్చిన."

ఆ మాట సంగతి వెంకటేశ్‌కూ తెలుసు. అతనూ అక్కడే ఉన్నాడు మరి. పోయిన ఏడాది దశదినం నాడు ఆకులో బువ్వ, కోడికూర, సుశీలకు ఇష్టమైన సకినాలు పెట్టి, పిట్ట ముట్టాలని అందరూ దూరంగా నిలబడ్డారు. కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ ఆకు దగ్గరికి దిగలేదు. పోయిన మనిషి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందన్నమాట. ఒక్కొక్కరూ ముందుకొచ్చి తోచిన మాట ఇచ్చారు. కొడుకు మంచిగా ఉంటానన్నాడు. కోడలు ఇల్లు చూసుకుంటానంది. సుశీల అక్క అంజవ్వ కన్నీళ్లు పెట్టుకుందే తప్ప మాట ఇవ్వలేదు. ఎండ ముదిరింది, వచ్చినవాళ్ల కాళ్లు కాలుతున్నాయి. అప్పుడు బుచ్చిరాములు చేతులు జోడించి, "నీ రైలు నేను తెస్త సుశీలా" అన్నాడు. మాట పూర్తవక ముందే ఒక కాకి దిగి సకినం ఎత్తుకుపోయింది.

"రైలే గద బాపూ," అని వెంకటేశ్ ఈసారి మెల్లగా అన్నాడు. "మన టేషన్ల మన రైలున్నది. అమ్మ ఫోటో వట్టుకోని సికింద్రాబాద్ దాక ఎక్కి దిగుదాం. మాట దీరుతది."

బుచ్చిరాములు ఆకురాయి అందుకుని పట్టాల మీదికి వంగాడు. సిద్దిపేటకు రైలొచ్చిన కొత్తలో సుశీల ఎక్కుదామని అడిగింది. వారానికి మూడు డయాలసిస్‌లు. "నీ పాణం జర నిమ్మలం గానియ్యి, ఎక్కుదం" అన్నాడు. ఆమెకు నిమ్మళం కాలేదు. "పోనీ టీవీల సూపియ్యి" అంటే ప్రశాంతి మన రైలు పెట్టింది. అది అయిపోయి, టీవీ తనంతట తనే ఇంకో రైలుకు, ఆ రైలు నుంచి మరో రైలుకు పోయి పోయి, ఈ మంచు దేశంలో తేలింది. ప్రశాంతి మార్చబోతే సుశీల ఆపింది. "ఉండనియ్యి బిడ్డా. గిదే మంచిగున్నది." ఆరోజు నుంచి ఆమె ఎక్కిన రైలు అదే. అతను సిద్దిపేట రైలు ఒక్కసారీ ఎక్కలేదు. ఆమెను ఎక్కించని రైల్లో తాను కూర్చుంటే అన్నం అరగదనిపించింది.

అందుకే గురువారం నాడు, బొమ్మ రైలు కోసం సికింద్రాబాద్‌లో జోసెఫ్ అనే ఆయన ఇంటికి బస్సులోనే పోయాడు.

జోసెఫ్ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఊరంతా వజ్రాలు కొనుక్కున్నా తాను మాత్రం బొమ్మ రైళ్లు కొనుక్కున్నానని తనే చెప్పుకుని నవ్వుతాడు. గోడల నిండా అద్దాల బీరువాలు, బీరువాల నిండా రైళ్లు. ఇప్పుడు చూపు తగ్గి, చెయ్యి కుదరడం లేదని, ప్రేమగా చూసుకునేవాళ్లకు ఒక్కొక్కటే ఇచ్చేస్తున్నాడు. ప్రశాంతి ఫోనులో అతన్ని వెదికి పట్టుకుంది.

"ఆ లైనుకు పైన కరెంటు తీగలున్నయా?" అని అడిగాడు జోసెఫ్.

"లెవ్వు సార్. ఆకాశమే."

"అయితే డీజిల్‌ది. పల్లెటూరి లైనంటున్నరు కాబట్టి ఇంజను వేరే ఉండదు. ఒక్కటే డబ్బా, దాంట్లోనే ఇంజను, దాంట్లోనే మనుషులు. రైలుబస్సు అంటరు." అతను నిచ్చెన బల్ల ఎక్కి రెండు పెట్టెలు దించాడు. "నా దగ్గర రెండున్నయ్."

మొదటిది నారింజ రంగుది. కిటికీలకు అద్దాలు, ముందర దీపాలు, లోపల సీట్లు కూడా ఉన్నాయి. అక్కడి పట్టాల ముక్క మీద పెడితే వెన్నలా జారిపోయింది. రెండోది దానికన్నా పాతది, రంగు వెలిసి ఏ రంగో తెలియకుండా అయింది. చక్రాలు ఇనపవి. కరెంటు ఇవ్వగానే గురగురమంది. బుచ్చిరాములు చెవి దానంతట అదే వంగింది.

"బుష్షు అరిగింది," అన్నాడు.

"అరగదా మరి. ముసలిది." జోసెఫ్ నవ్వి, తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మీ ఆవిడకు ఆ వీడియోల ఏం నచ్చేది?"

బుచ్చిరాములు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలా ముందుకు జరిగాడు. "ఒక సిన్న టేషన్ ఉంటది సార్. ఆడ పసుపు కోటేసుకున్న ఒకామె నిలవడి రైలుకు చెయ్యి ఊపుతది. గాడికి రాంగనే మా ఆమె నవ్వుతుండె. ఎంత నొప్పి ఉన్నా సరే. రైలు ఆమె కాడికి పోకముందే నవ్వు మొదలైతుండె. వస్తదని ఎరుకేగద."

జోసెఫ్ రెండు రైళ్లనూ తుడిచి పెట్టెల్లో పెట్టాడు. తర్వాత రెండు పెట్టెలూ గుడ్డ సంచిలో సర్ది చేతికిచ్చాడు. "రెండూ తీస్కపోండి. మీ పట్టాల మీద నడిపి చూస్తేనే తెలుస్తది. వద్దనుకున్నది వాపస్ పంపండి."

తిరుగు బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుకునూరుపల్లి దాటాక రోడ్డుకు దగ్గరగా పట్టాలొచ్చాయి. ఒక రైలు సిద్దిపేట వైపు పోతూ కనబడింది. అతను ముఖం ఇటు తిప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున అంజవ్వ మిరుదొడ్డి నుంచి దిగింది. సుశీలకు అక్క ఆమె. చివరి నెలలన్నీ ఈ ఇంట్లోనే ఉండి చెల్లెలికి కాలకృత్యాలు కూడా చూసింది. సకినాలకు బియ్యప్పిండి, నువ్వులు మూటగట్టుకొచ్చింది. మూట దించక ముందే బుచ్చిరాములు ఆమెను వెనక గదికి తీసుకుపోయాడు. రాత్రంతా సరిగా నిద్రపోలేదు, ఎవరికైనా చూపించుకోవాలని అతనికి తహతహగా ఉంది.

"జూడు వదినె."

స్విచ్చు వేశాడు. నారింజ రైలు తెల్ల చెట్ల మధ్య నుంచి వచ్చి, చెరువు పక్కగా పోయి, స్టేషను ముందు పసుపు కోటు మనిషిని దాటి, వంపు తిరిగింది. నీళ్ల మీద ఆకు పోయినట్టు పోయింది.

అంజవ్వ చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని అతను ఎదురుచూశాడు.

"సప్పుడేది?" అంది ఆమె.

"సప్పుడెందుకుంటది వదినె! ఒక్కొక్క అతుకు అరగదీసిన. గోరు వెట్టి జూడు, తగలది."

"సుశీల సప్పుడుకే గద మురిసేది."

"సప్పుడుకు కాదు. గీమెను జూసి." అతను పసుపు కోటు మనిషిని వేలితో చూపించాడు. "గీ టేషన్ రాంగనే నవ్వుతుండె. నువ్వు గూడ జూసినవ్ గద."

"టేషన్‌కు ముంగట బిర్జి లేదా? రైలు బిర్జి ఎక్కంగనే గడగడ మంటది. గప్పుడు నవ్వుతుండె. నా చెయ్యి వట్టుకోని, 'అక్కా, బిర్జి వచ్చింది' అంటుండె." అంజవ్వ మంచం చుట్టూ చూసింది. "బిర్జేది మరి?"

వంతెన లేదు. వీడియోలో అది రెండు క్షణాలు ఉంటుంది, చిన్న కాలువ మీద, చూడ్డానికి ఏమీ ఉండదు. కష్టమెందుకని అక్కడ పిండి మట్టితో గట్టు పోసి సున్నం చల్లాడు.

"సప్పుడు ఇని నవ్వుడేంది వదినె, ఎదురుంగ మనిషి నిలవడి చెయ్యి ఊపుతుంటె? జూసే నవ్వింది."

"జూసుడెక్కడిదయ్యా," అంది అంజవ్వ. అనేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది. ఏడాదిగా మోసిన మాట.

రైలు ఇంకో చుట్టు తిరిగింది.

"ఏమంటున్నవ్?"

"దానికి కండ్లు గనబడలే. బతుకమ్మ పండుగప్పటికే పోయినయ్. షుగరు కండ్లకెక్కింది. గోడ వట్టుకోని నడుస్తుంటె నీరసమన్నవ్. కంచంల బువ్వ తడుముకుంటుంటె ఆకలి లేదన్నవ్. నాతోని ఒట్టేయించుకున్నది, నీకు జెప్పొద్దని. 'ఇంక గీ కండ్లకు గూడ ఆయినె దవాఖానల పొంటి తిరగాల్నా అక్కా, నాకు శాతగాదు' అన్నది."

"మరి టీవీ... రోజు రైలు పెట్టమంటుండె..."

"రైలు పెడితె నువ్వు పక్కకొచ్చి కూసుంటవని. ఏదో ఒకటి జెప్తవని." అంజవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు మాట్లాడెటోనివా బుచ్చిరాములు? మోటర్లతోని తప్ప ఎవలతోనన్న మాట్లాడినవా? గా రైలు పుణ్యాన గద నాలుగు మాటలు జెప్పినవు దానికి."

బుచ్చిరాములు స్టూలు మీద కూలబడ్డాడు. అదే స్టూలు. సుశీల మంచం మీద, తాను ఈ స్టూలు మీద, ఎదురుగా టీవీ. "ఇప్పుడేమొచ్చింది?" అని ఆమె అడిగేది. "ఇల్లు" అనేవాడు. "ఏం రంగు?" "ఎరుపు." "ఎంత ఎరుపు?" ముసలితనంలో గారాలు పోతోందనుకుని విసుక్కునేవాడు. "మంచు ఎట్లుంటది?" అంటే "సున్నమేసినట్టుంటది" అన్నాడు. అదే అతను చెప్పినవాటిలో కాస్త పెద్దది. పగలంతా షాపులో పని, నడుం నొప్పి, కళ్లు మూతలు పడేవి. "ఇప్పుడేమొచ్చింది?" "చెట్లు." "ఇప్పుడు?" "చెట్లే. నువ్వు సూస్తలేవా?" "సూస్తున్న. నువ్వు జెప్తె ఇనాలనిపిస్తది." ఎన్నోసార్లు తెర వంక చూడకుండానే చెట్లన్నాడు. జింకలు పట్టాలు దాటినప్పుడూ చెట్లే అన్నాడు. పసుపు కోటు ఆవిడ సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఇద్దరూ చూస్తున్నదాన్ని చెప్పడమెందుకు అనుకున్నాడు. ఇద్దరూ కలిసి చూసింది ఆ ఒక్కటే అని, ఏడాదిగా దాన్నే గుండెకు హత్తుకుని బతికాడు.

అతనికి ఏడుపు రాలేదు. చెయ్యి చాచి స్విచ్చు ఆపాడు.

ఆ పూట అన్నం ముట్టలేదు. ప్రశాంతి రెండుసార్లు పిలిచి, మూడోసారి అంజవ్వ ముఖం చూసి ఊరుకుంది. మధ్యాహ్నం అతను షాపులోకి వచ్చి, ఖాళీ నూనె డబ్బా, రేకు కత్తెర, హాక్సా బ్లేడు తీసుకుని వెనక్కి పోయాడు. వెంకటేశ్ కొండపాక మోటరు చుట్టడం ఆపి, తండ్రి వెనకే పోయి గుమ్మంలో నిలబడ్డాడు.

బుచ్చిరాములు సున్నం గట్టును ఉలితో చెక్కి తీసేశాడు. చెక్కుతుంటే చెరువు అంచు కూడా కొంత లేచిపోయింది, పట్టించుకోలేదు. నూనె డబ్బా రేకును కత్తిరించి, మడిచి, అడుగున బోలుగా ఉండేలా పెట్టెలా చేశాడు. వేలితో కొట్టి చూశాడు. నచ్చలేదు. ఒక పక్క ఇంకా కొంచెం విప్పాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి డొల్లగా మోగింది.

"వట్టు," అన్నాడు తలెత్తకుండా.

వెంకటేశ్ వచ్చి రేకు పట్టుకున్నాడు. అంజవ్వ వంటింట్లో ప్రశాంతికి చెప్పిందంతా అతను విన్నాడు. తండ్రికి ఓదార్పు మాటలు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, అందుకని రేకు కదలకుండా గట్టిగా పట్టుకున్నాడు. అంచు గుచ్చుకుని బొటనవేలు తెగినా వదల్లేదు.

తర్వాత బుచ్చిరాములు బ్లేడు తీసుకుని పట్టాల మీదికి వంగాడు. తాను అరగదీసిన ప్రతి అతుకు మీదా సన్నగా గాటు పెట్టడం మొదలుపెట్టాడు. గోరు తగలకూడదని అన్ని రోజులు పాటుపడ్డ చోట, ఇప్పుడు గోరు దిగేంత గాటు. నున్నగా చేసినదాన్ని చేతులారా పాడుచేసుకోవడం అతని బతుకులో అదే మొదటిసారి. శనివారం సాయంత్రానికి పని అయింది. నారింజ రైలును తుడిచి, పెట్టెలో పెట్టి, జోసెఫ్‌కు వాపస్ పంపమని కొడుకు చేతికిచ్చాడు.

"ముసలిదాని బుష్షు మారుస్త బాపూ, గురగుర పోతది," అన్నాడు వెంకటేశ్.

"వద్దు. దాన్నట్లనే ఉండనియ్యి."

ఆదివారం చుట్టాలొచ్చారు. డాబా మీద ఆకు వేసి, బువ్వ, కోడికూర, అంజవ్వ చుట్టిన సకినాలు పెట్టారు. బుచ్చిరాములు తెల్ల పంచె కట్టుకుని, ఆకుకు కొంచెం దూరంలో నిలబడ్డాడు. ఈసారి ఏం చెప్పాలో అతనికి తెలుసు. పిట్ట రాకపోతే అందరి ముందూ చెబుదామనుకున్నాడు. సుశీలా, నువ్వడిగింది రైలు కాదని నాకు ఎరుక లేకపాయె. నీ కండ్లు పోయిన సంగతి నీ పక్కన కూసోని గూడ నేను జూడలే. మాటలన్నీ నోటిదాకా తెచ్చుకున్నాడు. రాత్రి నుంచి వాటినే కూడబలుక్కున్నాడు.

ప్రశాంతి నీళ్లు చల్లి ఇవతలికి జరిగిందో లేదో, ఒక కాకి వచ్చి వాలింది. అటూ ఇటూ చూడను కూడా చూడలేదు. బువ్వ ముట్టింది, సకినం విరిచింది. దాని వెనకే మరో రెండు దిగాయి.

"అబ్బ, ఎంత తొందరగ ముట్టింది! సుశీలకు ఇంక ఏం కోరిక లేదు, సల్లగున్నది," అన్నారు చుట్టాలు. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. భోజనాలకు కిందికి దిగారు.

బుచ్చిరాములు ఒక్కడే జోడించిన చేతులతో నిలబడిపోయాడు. ఆమె ఎప్పుడూ అంతే. తప్పు ఒప్పుకుందామని అతను నోరు తెరిచేలోపలే అన్నం పెట్టేసేది. చెప్పుకోవలసిన మాట చెప్పుకోనివ్వకుండానే మాఫీ చేసేది. ఆ మాఫీ ఇప్పుడు అతన్ని కోసేసింది.

మధ్యాహ్నం దాటాక చుట్టాలు పోయారు. అతను వెనక గదిలోకి పోయి, టీవీ పెట్టకుండా, స్టూలు మీద కూర్చుని స్విచ్చు వేశాడు. కళ్లు మూసుకున్నాడు. రంగు వెలిసిన ముసలి రైలు గురగురమంటూ కదిలింది. గాటు గాటుకూ టకటకమంది. ఒకటే తీరు చప్పుడు. ఎటు పోతోందో తెలియదు, ఎంత దూరం వచ్చిందో తెలియదు. చీకట్లో ఆమె రోజూ ఇలాగే కూర్చుందన్నమాట, పక్కనున్న మనిషి ఏదైనా చెబుతాడేమోనని. ఉన్నట్టుండి చప్పుడు మారింది. రేకు వంతెన గడగడలాడింది. ఆ గుడ్డి చీకటంతటిలో ఫలానా చోటుకు వచ్చామని తెలిసేది ఇక్కడొక్కచోటే.

"బిర్జి దాటినం," అన్నాడు. కళ్లు తెరిచి మళ్లీ అన్నాడు. "బిర్జి దాటినం సుశీలా. టేషన్ వచ్చింది. సిన్నదే, ఒక్కటే అర్ర. ఎరుపంటె మన గేటుకేసిన ఎరుపు. ఒకామె నిలవడ్డది ఆడ. పసుపు కోటేసుకున్నది. చెయ్యి ఊపుతుంది. ప్రతిసారి ఊపింది సుశీలా, నేనే నీకు జెప్పలే."

చాయ గ్లాసుతో వచ్చిన ప్రశాంతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రైలు స్టేషను దాటి, వంపు తిరిగి, రాగి తీగల అడవిలోకి పోయింది. బుచ్చిరాములు ముఖం తుడుచుకుని, స్టూలును మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకున్నాడు.

"ఇంక చెట్లే ఉన్నయ్," అన్నాడు. "తెల్లగున్నయ్. ఒక్కొక్కటే జెప్త, ఇను."